ఫోన్ చెయ్యకు, ఉత్తరం రాయి

మార్చి 3

చెల్లికి,

నేను క్షేమంగా లేను. నువ్వు క్షేమంగానే ఉంటావు. చెయ్యాల్సిందంతా చేసి చేతులు దులుపుకున్నవాళ్ళకి క్షేమానికేం లోటు.

నిన్న డబ్బా చూపించుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళాను. నువ్వు దాన్ని మర్యాదగా మిషన్ అంటావు. గుండె గాడి తప్పి పరుగెత్తినప్పుడల్లా ఛాతీ లోపల్నించి షాక్ కొట్టి గాడిదలా తన్నేదానికి అంత మర్యాద అక్కర్లేదు, నాకది డబ్బానే. ఎప్పటిలాగే ఎన్నిసార్లు తన్నిందో చూసి, మందులు రాసి పంపేస్తారనుకున్నాను. డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి, "మీ చెల్లెలుగారు పంపినవన్నీ చూశామండీ. రేడియేషన్‌వాళ్ళు సరేనన్నారు," అన్నాడు.

ఏం సరే? ఎవరికి సరే? ఆయన గోడ మీద తెరలో నా గుండె బొమ్మ చూపించాడు. దాని మీద ఎవరో ఎర్రగా సున్నా చుట్టారు. నా గుండె మీద సున్నా చుట్టిన సంగతి ఆస్పత్రిలో చీటీలు రాసే మనిషితో సహా అందరికీ తెలుసు, నాకు తప్ప. నేను తల ఊపాను. తెలియదని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

కిందటేడు రెండోసారి గుండెలోకి తీగ పంపి కాల్చినప్పుడు తీసిన ఫిల్ములు నీకు ఎందుకిచ్చాను? ఇంట్లో మీ వదిన చూస్తే బెంగపడుతుంది, దాచిపెట్టమని ఇచ్చాను. దాచమంటే ఊరంతా పంచమని కాదు. ఇరవై రెండేళ్ళుగా క్యాన్సర్ మనుషుల్ని బల్ల మీద పడుకోబెట్టి కిరణాలు పెట్టించే నీకు, కనపడ్డ ప్రతివాడూ బల్ల మీద పడుకోవాల్సినవాడిలాగే కనిపిస్తాడు కాబోలు.

ఒక మాట స్పష్టంగా విను. అమ్మకి ఆ కిరణాలు పెట్టించినప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. కాగితం మీద సంతకం నాది. తర్వాత నాలుగు నెలలు పూటపూటా ఆవిడ ఛాతీ మీద కట్టు మార్చింది నేను. పాత కట్టు ఊడదీస్తుంటే తోలు దానితోపాటు వచ్చేది. నువ్వు చూడలేదు కాబట్టి ఆ ఉద్యోగంలో చేరగలిగావు. నేను చూశాను కాబట్టి ఆ గది గుమ్మం తొక్కను.

ఏదైనా చెప్పాలనుకుంటే ఉత్తరం రాయి. ఫోన్ మాత్రం చెయ్యకు. జనవరిలో ఏమైందో మర్చిపోలేదుగా. నువ్వు అటు అరిచావు, నేను ఇటు అరిచాను, వరసగా మూడు తన్నులు. నీ కోపం తట్టుకునే ఓపిక నా గుండెకి లేదు. కాగితం మీద ఎంతైనా కోప్పడు, కాగితానికి షాక్ కొట్టదు.

మీ వదిన నిన్ను అడిగానని చెప్పమంది.

అన్నయ్య,
ఎవరి ప్రయోగానికీ ఎలుక కానివాడు


మార్చి 9

అన్నయ్యకి,

పంపాను. నిన్ను అడక్కుండా పంపాను. అడిగితే వద్దంటావని తెలిసే అడగలేదు. ఇది తప్పే. దీనికి నన్ను ఎన్ని తిట్టినా పడతాను. కానీ చేసింది వెనక్కి తీసుకోను.

ఇక ఆ ఎర్ర సున్నా సంగతి. నీకు గుండెపోటు వచ్చి ఎనిమిదేళ్ళయింది కదా, అప్పుడు కండలో కొంత చచ్చి మచ్చ పడింది. గుండెని కొట్టించే కరెంటు ఆ మచ్చ దగ్గర దారి దొరక్క దాని చుట్టూ గింగిరాలు తిరుగుతోంది. అలా తిరిగినప్పుడే నీకు పరుగు, పరుగు ఆపడానికి డబ్బా తన్ను. తొడ దగ్గర్నించి తీగ పంపి రెండుసార్లు కాల్చారు. అందలేదు, ఎందుకంటే ఆ మచ్చ గుండె గోడలో లోతున ఉంది. కిరణాలకి లోతు అడ్డం కాదు. సన్నగా అన్ని వైపుల నుంచీ వచ్చి ఆ ఒక్క చోట కలుస్తాయి. కలిసిన చోట తప్ప మిగతాచోట బలం తక్కువ. కోత లేదు, మత్తు లేదు. ఒక్కసారి, ఇరవై నిమిషాలు.

అమ్మకి పెట్టింది ఇది కాదు. ఆ రోజుల్లో మిషన్‌కి ఛాతీ అంతా ఒకటే. దాచను, నీ తోలు కాలదు గానీ ఊపిరితిత్తికి వాపు రావచ్చు. గుండె చుట్టూ నీరు చేరచ్చు. పదేళ్ళ తర్వాత ఏమవుతుందో మా పెద్ద డాక్టరుకే తెలియదు, పదేళ్ళ క్రితం చేయించుకున్నవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. ఇది ఇంకా పరిశోధనే. నువ్వు ఎలుకనంటావు. ఎలుకని ఎవరూ సంతకం అడగరు అన్నయ్యా. నిన్ను అడుగుతారు, వద్దంటే మర్యాదగా పంపేస్తారు.

నేను చూడలేదన్నావు. అది చదివి ఉత్తరం బల్ల మీద పడేసి బయటికి వెళ్ళిపోయాను. నిజమే, చూడలేదు. ఎవరు చూడనివ్వలేదు? నాకు పదిహేనేళ్ళు, హాస్టల్లో ఉన్నాను. ప్రతి ఉత్తరంలోనూ "అమ్మ కోలుకుంటోంది, పరీక్షలు బాగా రాయి" అని రాశావు. బాగా రాశాను. ఇంటికొచ్చేసరికి మంచం మీద పరుపు కూడా లేదు. ఇప్పుడు నువ్వొచ్చి చూడలేదని నన్నే దెప్పుతున్నావు. నా కళ్ళకి గంతలు కట్టి, నాకు చూపులేదని నువ్వే అంటే ఎలా?

నీ మొదటి పేజీ అంతా ఒకటే ఏడుపు, నాకు తప్ప అందరికీ తెలుసని. ఎలా ఉందో తెలిసిందా? నాకు ముప్పై ఐదేళ్ళుగా అలాగే ఉంది.

ఫోన్ చెయ్యను. ఆ రోజు ఫోన్ నేల మీద పడ్డ చప్పుడు, వదిన కేక, రెండూ విన్నదాన్ని. గుర్తుచెయ్యక్కర్లేదు.

మాత్రలు మానకు. డాక్టరుతో మాట్లాడు. ఆ తర్వాత కావాలంటే వద్దని చెప్పు.

చెల్లి,
తప్పు చేసింది, అవసరమైతే మళ్ళీ చేస్తుంది


మార్చి 16

చెల్లికి,

ఈసారి కోప్పడ్డానికి నా దగ్గర ఏమీ లేదు, అందుకే ఉత్తరం చిన్నది.

నా గుండె బుద్ధి తెచ్చుకుంది. ఈ రోజుకి పన్నెండు రోజులు, ఒక్క తన్ను లేదు. అంతకుముందు నెలలో ఏడు. నీ కిరణాలూ అక్కర్లేదు, మీ పెద్ద డాక్టరు సున్నాలూ అక్కర్లేదు. రోగం వచ్చినదారినే పోతోంది. నేను మాత్రం వర్క్‌షాపుకి వెళ్తున్నాను. నిన్న ఒక పన్నెండంతస్తుల భవనంలో లిఫ్టు ఆరుకీ ఏడుకీ మధ్య ఆగిపోతోందంటే నేనే వెళ్ళాను. అక్కడి కుర్రమెకానిక్కులు మోటారు విప్పి కూర్చున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మోటారు మారుస్తారట. నేను తలుపు తీసి గాడిలో ఇరుక్కున్న ఒక పిల్ల జడపిన్ను తీసి చేతిలో పెట్టాను. అంతే, కదిలింది. ముప్పై ఎనిమిదేళ్ళ పని అంటే అదీ.

మెట్ల మీద రెండుసార్లు కళ్ళు తిరిగాయి గానీ అది ఎండ.

మీ వదినకి మాత్రం నేను బాగుంటే భయం. రాత్రి పక్కన పడుకుంటే నా ఛాతీలో కీచురాయి కూస్తోందట. ఆవిడ చెవుల్లో ఏదో దూరి ఉంటుంది. డబ్బా కార్డు ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలన్నారు కదా, దానికని బనియన్లకి లోపలివైపు జేబు కుట్టించుకున్నాను. ఆరు బనియన్లకీ కుట్టింది. కుడుతూనే వంద ప్రశ్నలు, జేబు అంత పైకెందుకు, ఎడమవైపే ఎందుకు అని. చెప్పేవాడికి వినేవాడు లోకువ, మా ఇంట్లో అడిగేవాళ్ళకి చెప్పేవాడు లోకువ.

నీ ఉత్తరంలో అమ్మ గురించి రాసింది చదివాను. అప్పుడు అలా రాయడమే నాకు మంచిదనిపించింది.

డాక్టరుతో మాట్లాడతాలే, ఎప్పుడైనా.

అన్నయ్య,
బతికి బట్టకట్టినవాడు


మార్చి 19

అన్నయ్యా,

ఈ ఉత్తరం నీకు చేరేసరికి అది నీ దగ్గర ఉండదు. నీ ఉత్తరం చదివిన ఐదో నిమిషంలో వదినకి ఫోన్ చేశాను. నీకు చెయ్యలేదు, మాట తప్పలేదు. బాత్రూం తలుపు కొట్టి, తడి ఒంటితో నిలబెట్టి, బనియన్ జేబులో చెయ్యిపెట్టి తియ్యమన్నాను. కార్డు రాలేదట. అయస్కాంతం వచ్చిందట. లిఫ్టు ఏ అంతస్తులో ఉందో తెలియడానికి దారిపొడుగునా బిగిస్తారే, అది.

కీచురాయి ఎవరి చెవిలోనూ దూరలేదు. నీ డబ్బా మీద అయస్కాంతం పెడితే కూస్తుంది. "నన్నెవరో నోరు నొక్కారు" అని చెప్పే కూత అది. అయస్కాంతం ఉన్నంతసేపూ అది తన్నదు. గుండె పరుగెత్తినా తన్నదు. మెట్ల మీద రెండుసార్లు కళ్ళు తిరిగింది ఎండకి కాదు. రెండుసార్లు నీ గుండె గాడి తప్పింది, డబ్బా చూస్తూ ఊరుకుంది, నీ అదృష్టం కొద్దీ దానంతటది ఆగింది. మూడోసారి ఆగకపోతే ఆ మెట్ల మీదే పోయేవాడివి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, నువ్వు పన్నెండు రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నావు.

నాకు ఒళ్ళు మండిపోతోంది.

వదిన తమ్ముడు నీ దగ్గర పదకొండేళ్ళు పనిచేశాడు. ఒక రోజు లిఫ్టు తలుపు తాళం దగ్గర జంపర్ పెట్టి మర్చిపోయాడు. తలుపు మూసుకోకపోయినా మూసుకుందని లిఫ్టుని నమ్మించే ఒక్క వైరు ముక్క. ఎవరో ఆవిడ కాలు పెట్టబోయి వెనక్కి తీసుకుంది, చెప్పు మాత్రం పోయింది. మనిషికేమీ కాలేదు. అయినా నువ్వు అతన్ని పనిలోంచి తీసేశావు, తొమ్మిదేళ్ళుగా గుమ్మం తొక్కనివ్వలేదు. అప్పుడు నువ్వన్న మాట ఇంకా నా చెవుల్లో ఉంది. "భద్రత కోసం పెట్టినదాని నోరు నొక్కేవాడు మెకానిక్కు కాదు, హంతకుడు."

ఇప్పుడు చెప్పు, నువ్వెవరివి?

పైగా ఆ జేబు వదిన చేత కుట్టించావు. నువ్వు పోతే, తను కుట్టిన జేబు వల్లే పోయావని ఆవిడ మిగిలినన్ని రోజులూ ఏడవాలి. అది తట్టిందా నీకు?

చెల్లి


ఏప్రిల్ 2

చెల్లికి,

ఆస్పత్రి మంచం మీద నుంచి రాస్తున్నాను. ఎడమచేతికి సూది ఉంది, కుడిచెయ్యి ఖాళీ. నీ ఉత్తరం తలగడ కింద ఉంది. నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ నీ మీద కోపమే వచ్చింది, ఎందుకంటే ఒక్క మాటా తప్పు దొరకలేదు.

అయస్కాంతం తీసేశాక మీ వదినతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆవిడ ఆరు బనియన్ల జేబులూ విప్పి, దారం పోగులన్నీ ఏరి నా పళ్ళెం పక్కన పెట్టింది. అంతకన్నా ఒక చెంపదెబ్బ నయం.

26న మధ్యాహ్నం మొదలైంది. కుర్చీలోంచి లేవబోతుంటే ఒక తన్ను. ఊపిరి తీసుకునేలోపు ఇంకోటి. అంబులెన్సుకి నలభై నిమిషాలన్నారు. మీ వదిన తన తమ్ముడికి ఫోన్ చేసింది. వాడుండేది రెండు వీధుల అవతలే, తొమ్మిదేళ్ళుగా నాకు తెలియనట్టు నటిస్తున్నాను అంతే. వచ్చాడు. పలకరింపుల్లేవు. నన్ను రెండు చేతుల్లో ఎత్తుకుని లిఫ్టులోకి తెచ్చాడు. తలుపు పడింది. మీట నొక్కబోయి ఆగి, తలుపు సరిగ్గా పడిందో లేదో చేత్తో లాగి చూశాడు. మళ్ళీ లాగి చూశాడు. నేను చస్తున్నాను, వాడు తలుపు చూస్తున్నాడు. అప్పుడు నొక్కాడు.

ఇంటి నుంచి ఆస్పత్రి గేటుదాకా ఏడు. మీ వదిన వెనక సీట్లో నా తల పట్టుకుని లెక్కపెట్టింది. అయస్కాంతం ఉండి ఉంటే ఈ ఉత్తరం ఆవిడ రాసేదని డాక్టరన్నాడు. నువ్వు సంతోషించు.

నీకు తెలియాల్సింది ఒకటుంది. అయస్కాంతం ఎందుకు పెట్టానంటే చావాలని కాదు. ఆ తన్ను ఎలా ఉంటుందో మీ కాగితాల్లో ఉండదు. నొప్పి ఒక ఎత్తు, ఇంకోటి ఎప్పుడొస్తుందోనన్న ఎదురుచూపు పది ఎత్తులు. గ్లాసు ఎత్తాలన్నా భయం, మెట్టు దిగాలన్నా భయం, మీ వదిన పక్కన పడుకోవాలన్నా భయం. కార్డు మీద "అయస్కాంతం దగ్గరికి రానివ్వకండి" అని రాసి ఉంది. వద్దన్నారంటే పనిచేస్తుందనేగా అర్థం, మెకానిక్కు బుర్ర అలాగే వెళ్తుంది. రెండు వారాలు మనిషిలా బతికాను. అది తప్పని తెలిసీ, ఆ రెండు వారాలు మాత్రం ఎవరికీ తిరిగి ఇవ్వను.

సంతకం పెడతాను. నీ కోసం కాదు, మీ పరిశోధన కోసమూ కాదు. కారులో ఆవిడ ఏడు అని లెక్కపెట్టిన గొంతు మళ్ళీ వినలేను, అందుకు. తేదీ చెప్పు. నేనొచ్చినప్పుడు ఆ బల్ల దగ్గర ఉండు. నీ చెయ్యే ఉండాలి.

అన్నయ్య

తా.క. వాడు రోజూ సాయంత్రం వస్తున్నాడు. గుమ్మం దగ్గరే నిలబడుతున్నాడు. నిన్న లోపలికి రమ్మన్నాను. కుర్చీ లేదన్నాడు. మంచం మీద కూర్చోమన్నాను.


ఏప్రిల్ 29

అన్నయ్యకి,

నీకు కిరణాలు పెట్టించుకుని మీరు బయల్దేరి వెళ్ళి వారమైంది. వదిన ఫోన్‌లో నువ్వు నా మీద అలిగావని చెప్పింది. రెండు నేరాలట. ఒకటి, బల్ల దగ్గర నేను లేను. రెండు, ఉన్న నాలుగు రోజులూ నీతో మాట్లాడలేదు, గొణిగాను.

మొదటిది చెప్తాను. సొంతవాళ్ళకి మేం మిషన్ నడపకూడదు, అది మా విభాగం నియమం. నీ ఉత్తరం చూపించి బతిమాలాను కూడా. మా పెద్ద డాక్టరు, "నీ చెయ్యి వణికితే ఆయన ఊపిరితిత్తి మూల్యం చెల్లిస్తుంది," అంది. ముందు రోజే నీకు చెప్పాల్సింది. చెప్తే వెనక్కి వెళ్ళిపోతావేమోనని చెప్పలేదు. ఇదీ దాచడమే, తెలుసు. ఒకే కడుపున పుట్టాం, ఎక్కడికి పోతుంది.

కానీ నేనేమీ చెయ్యలేదనుకోకు. ముందు రోజు నిన్ను పడుకోబెట్టి కింద గాలి లాగితే గట్టిపడిన పరుపు ఉందే, నువ్వు కదలకుండా నీ ఒంటి అచ్చు పట్టేది, అంతవరకు నియమం ఒప్పుకుంది. అది నేను చేశాను. నీ భుజం కింద మూడుసార్లు సర్దాను. నువ్వు కళ్ళు మూసుకుని పైకప్పుని తిడుతున్నావు, చూసుకోలేదు. మర్నాడు నువ్వు లోపల ఉన్న పద్దెనిమిది నిమిషాలూ నేనూ వదినా బయట బెంచీ మీద కూర్చున్నాం. రోజూ ఆ తలుపు అవతల ఉండేదాన్ని, ఇవతల నిమిషం ఎంత పొడుగో ఇన్నేళ్ళకి తెలిసింది.

రెండో నేరానికి జవాబివ్వను.

మళ్ళీ చెప్తున్నాను, కిరణాల పని నిదానం. కొందరికి వారంలోనే నెమ్మదిస్తుంది, కొందరికి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా తన్ను వచ్చినా రావచ్చు. వస్తే హడలిపోకు. దగ్గు వచ్చినా, ఆయాసం వచ్చినా ఆ రోజే డాక్టరుకి చెప్పు.

చెల్లి


మే 9

చెల్లికి,

నిన్న సాయంత్రం తన్నింది. ఒకటే, కానీ గాడిద గాడిదే.

రెండు వారాల పైన బాగుంది. ఇక లేదు, పోయింది అనుకుని నిన్న పొద్దున నీకు మంచి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను కూడా. ఆ కాగితం చింపేశాను. అంతా మోసం. నీ మిషన్ మోసం, ఎర్ర సున్నా మోసం, నువ్వు అన్నిటికన్నా పెద్ద మోసం. ముఖం మీద ఏదైనా చెప్పమంటే, నాలుగు రోజులూ చావింటికొచ్చినదానిలా గుసగుసలు పోయావు. పోతాడని నీకు ముందే తెలుసు, అందుకే గొంతు లేవలేదు. ఆ మాత్రం నాకు అర్థం కాదనుకున్నావా?

అన్నయ్య


మే 14

అన్నయ్యా,

ఆరు వారాలని రాశాను. మూడో వారంలో వచ్చింది. పాత ఉత్తరం తీసి మళ్ళీ చదువు.

నువ్వు పోతావని కాదు గుసగుసలాడింది. నా గొంతు వల్ల పోతావేమోనని. జనవరిలో నేను అరిచాను, నీకు మూడు షాకులు కొట్టాయి. ఆ రోజు నుంచి నేను గొంతు పెంచలేదు. ఇంట్లో పెంచలేదు, పనిలో పెంచలేదు. మా విభాగంలో అందరూ నేను పెద్దదాన్నైపోయి నెమ్మదించాననుకుంటున్నారు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే నాకు ఫోన్ నేల మీద పడ్డ చప్పుడే వినిపిస్తోంది. నువ్వు నా ఎదురుగా కుర్చీలో కూర్చుంటే నా కోపమంతా గొంతు దాకా వచ్చింది, అయస్కాంతం గురించి, అమ్మ గురించి. మింగేశాను. అన్నని చంపిన చెల్లెలు కావడం కన్నా గొణిగే చెల్లెలు కావడం నయమనుకున్నాను.

ఇది నీకు చెప్పకూడదనుకున్నాను. చావింటి మాట రాశావు కాబట్టి చెప్పాను.

మాత్రలు వేసుకో.

చెల్లి


జూన్ 20

చెల్లికి,

ముందు సంగతి రాస్తాను, తర్వాత తిట్టుకో.

నిన్న డబ్బా లెక్క చూశారు. మే 8 తర్వాత ఒక్క తన్ను లేదు. తన్నకుండా డబ్బానే నెమ్మదిగా ఆపిన పరుగులు రెండే, అవీ మే నెలలోవే. ఈ నెలలో సున్నా, ఎర్రది కాదు, మామూలు సున్నా. ఊపిరితిత్తిలో కొంచెం వాపుందట, రెండు వారాలు పొడిదగ్గు వచ్చింది, మందులిచ్చారు. ఇది పోయినట్టు కాదు, పోతున్నట్టని డాక్టరన్నాడు. నాకు ఇది చాలు.

నీ మే నెల ఉత్తరం వచ్చిన రోజు నేను జవాబు రాశాను. పోస్టు చెయ్యలేదు. మళ్ళీ రాశాను. అదీ చెయ్యలేదు. ఇది ఐదోది. మీ వదిన ఎదురుగా కూర్చుని రాయిస్తోంది, ఆవిడకి కూడా నిన్ననే చెప్పాను.

జనవరిలో నాకు షాకులు కొట్టింది నీ గొంతు వల్ల కాదు.

అప్పటికి పదకొండు రోజులుగా నేను మాత్రలు మానేశాను. ఆ మాత్రలు వేసుకుంటే చేతులు వణికేవి. ఒక స్క్రూ తిప్పడానికి మూడుసార్లు జారేది. కుర్రమెకానిక్కులు చూడనట్టు తల తిప్పుకునేవారు. అది భరించలేక మానేశాను, వేసుకున్నట్టు రోజుకొకటి కాలవలో పారేశాను. పన్నెండో రోజు నువ్వు ఫోన్ చేశావు. నువ్వు అరవకపోయినా ఆ రోజు అవి వచ్చేవే. తన్నులు ఆగాక మీ వదిన, "ఆ పిల్ల అరవబట్టే," అంది. నేను ఊరుకున్నాను. నువ్వూ అదే అనుకున్నావు. అప్పటికీ ఊరుకున్నాను. ఎవరో ఒకరి మీదికి పోతే మాత్రల సంగతి బయటపడదు, నన్ను పనికి వెళ్ళనిస్తారు, అంతే అనుకున్నాను. ఆ తర్వాత ఫోన్ చెయ్యకని రాసింది నీ గొంతుకి భయపడి కాదు. ఫోన్‌లో నువ్వు మాత్రల గురించి అడుగుతావు, నాకు నీతో అబద్ధమాడ్డం రాదు. కాగితం మీదైతే వస్తుంది. అమ్మప్పుడు తెలిసిందే.

జనవరి నుంచి మాత్రం ఒక్క మాత్రా మానలేదు. మార్చిలో వచ్చినవి మాత్రలు వేసుకుంటుండగా వచ్చినవే. డాక్టరుకి అంతా చెప్పాను.

నీ గొంతు అంత పని చేసిందని నువ్వు అనుకుంటావని నాకు తోచలేదు. నీకు కోపం వస్తుంది, పోతుంది అనుకున్నాను. నువ్వు గొంతే పోగొట్టుకుంటావనుకోలేదు.

ఆ అయస్కాంతం బావమరిదికి ఇచ్చేశాను. వాడు మళ్ళీ పనిలోకొచ్చాడు. కొత్త లిఫ్టులో నాలుగో అంతస్తు దగ్గర బిగించాడు, దాని పని అది చేసుకుంటోంది.

క్షమించమని అడగను. అడిగితే ఇచ్చేస్తావని భయం.

అన్నయ్య


జూన్ 25

అన్నయ్యా,

ఐదు నెలలు.

ఐదు నెలలు నేను తలుపులు నెమ్మదిగా వేశాను. మా వంటింట్లో గిన్నె జారితే ఉలిక్కిపడ్డాను. పనిలో ఒకడు నా మీద ఎగిరితే, తప్పు వాడిదైనా, సరే సరే అని తల వంచాను. నువ్వు చూశావు కదా, నాలుగు రోజులు నా ఎదురుగా కూర్చుని నేను గొణుగుతుంటే చూశావు. అప్పుడైనా ఒక్క మాట చెప్పచ్చు. ఒకే ఒక్క మాట, "నీ వల్ల కాదే" అని. పక్కన వదిన కూడా లేదు, బెంచీ మీద మనిద్దరమే ఉన్నాం ఒక పూటంతా. నువ్వు మా ఆస్పత్రి లిఫ్టు తలుపు సరిగ్గా పడట్లేదని చెప్తూ కూర్చున్నావు.

అమ్మప్పుడు నాకు చెప్పకుండా నన్ను కాపాడావు అనుకున్నావు. ఈసారి నన్ను కాపాడ్డం కూడా లేదు, నిన్ను నువ్వు కాపాడుకున్నావు. రెంటికీ తేడా రాస్తే ఇంకో పది పేజీలవుతుంది. కాగితం మీద రాయను. కాగితం మీద నువ్వు అబద్ధాలాడగలవని నువ్వే రాశావు, ఇక నీకు కాగితం ఇవ్వను.

నిన్న మీ డాక్టరుకి ఫోన్ చేశాను. ఈసారి ముందే చెప్తున్నాను, నిన్ను అడక్కుండానే చేశాను. ఒకటే అడిగాను. మా అన్నయ్యని ఎవరైనా గట్టిగా, చాలాసేపు, ఊపిరి తీసుకోకుండా తిడితే ప్రమాదమా అని. ఆయన నవ్వాడు. ఇప్పుడున్న గుండె తిట్లకి ఓర్చుకుంటుందన్నాడు.

ఆదివారం పొద్దున పది గంటలకి ఫోన్ చేస్తాను. మాత్ర వేసుకుని, కుర్చీలో కూర్చుని ఎత్తు. వదిన పక్క గదిలో ఉన్నా వినిపిస్తుంది, కంగారు పడొద్దని చెప్పు.

మధ్యలో పెట్టెయ్యకు.

చెల్లి